హాట్ పాట్‌కి వెళ్తున్నారా? సూప్ దేనితో కాచారో ముందు అడగండి

మా అత్తయ్య గారు పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టలేదు. కోడిగుడ్డు వేశారంటే కేకు కూడా తినరు. అలాంటి ఆవిడ చేత కిందటేడు ఎముకల సూప్ తాగించిన ఘనత నాది.

మా పెద్దవాడి పదో పుట్టినరోజు. ఫ్రెండ్స్ అంతా వెళ్లొచ్చారు, మనమూ హాట్ పాట్‌కి వెళ్దామని నెల ముందు నుంచీ ఒకటే గోల. తెనాలి నుంచి వచ్చి అప్పటికి మూడు వారాలే అయిన అత్తయ్య గారిని ఇంట్లో ఒంటరిగా వదిలి ఎలా వెళ్తాం? ఫోటోలు చూస్తే ఎవరి గిన్నె వాళ్లకి, ఎవరి పొయ్యి వాళ్లకి. ఆకుకూరలు, పుట్టగొడుగులు, టోఫు, నూడుల్స్ బోలెడు ఉన్నాయి. ఇంకేం, ఆవిడకీ ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకున్నాం. మెనూలో టమాటా సూప్ చూపించి, "దీంట్లో మాంసం ఉందా?" అని అడిగాను. సర్వ్ చేసే అబ్బాయి "లేదు" అన్నాడు. అత్తయ్య గారు పాలకూర, మొక్కజొన్న వేసుకుని, "చారులాగా బాగుందే అమ్మాయ్" అంటూ రెండు కప్పులు తాగారు. మా చిన్నదానికి వేరుశనగ పడదు. దానికి సాస్ కలిపే ముందు చూద్దామని మా వారు టేబుల్ మీదున్న టాబ్లెట్‌లో అలర్జీల పేజీ తెరిచారు. టమాటా సూప్‌కి ఎదురుగా చికెన్, పోర్క్ బోన్ అని రాసి ఉంది.

చెప్పకుండా ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. చెంచా పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి, పుట్టినరోజు పాట అయ్యేదాకా మనవడి పక్కనే కూర్చున్నారు. ఇంటికొచ్చి తలస్నానం చేశారు. మర్నాడు ఒంటిపూట ఉన్నారు. నాలుగు మాటలు అన్నా బాగుండేది.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, ఆ అబ్బాయి అబద్ధమేమీ చెప్పలేదు. సూప్‌లో మాంసం ముక్క లేదు. తప్పు నేను అడిగిన ప్రశ్నలో ఉంది. ఆ తర్వాత నాలుగైదు చోట్లకి వెళ్లాను, విసుగనుకోకుండా అడిగాను, చదివాను. సెలవులకి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చే ఇళ్లలో పనికొస్తుందని రాస్తున్నాను.

చైనా వాళ్లు దీన్ని "హువో గ్వో" అంటారు. మాటకి మాట చెప్పుకుంటే నిప్పు కుండ. మధ్యలో సూప్ మరుగుతూ ఉంటుంది, చుట్టూ కూర్చున్న వాళ్లు ఎవరికి కావాల్సింది వాళ్లు ముంచి, ఉడికించుకుని, సాస్‌లో అద్దుకుని తింటారు. ఇందులో చాలా రకాలున్నాయి. మన వాళ్లు వెళ్లగానే వేలు పెట్టి చూపించే ఎర్రటి కారం సూప్ నైరుతి చైనాలోని సిచువాన్, చోంగ్‌చింగ్ ప్రాంతాలది. చోంగ్‌చింగ్ రేవుల్లో పనిచేసే కూలీలు చవగ్గా దొరికే పశువుల పేగులు, పొట్ట భాగాలు మిరపకాయలు దట్టించిన సూప్‌లో ఉడికించుకు తినడం దగ్గర ఈ రకం మొదలైందంటారు. జపాన్ వాళ్ల షాబు షాబు దీని చుట్టమే. కారం ఉండదు.

ఇప్పుడు మన ఊళ్లలో వెలుస్తున్నవి ఆ రేవు కొట్లకి చాలా దూరం జరిగిన హోటళ్లు. టేబుల్‌లోనే ఇండక్షన్ పొయ్యి, టాబ్లెట్ మీద ఆర్డర్, కొన్ని చోట్ల పళ్లాలు తెచ్చిపెట్టే రోబో, కొన్ని చోట్ల విమానాశ్రయంలో సామాన్ల బెల్టులాగా మన ముందు నుంచి తిరుగుతూ పోయే కూరగాయల పళ్లాలు. 1994లో సిచువాన్‌లోని జియెన్‌యాంగ్ అనే ఊళ్లో మొదలైన హైదిలావ్ ఇలాంటి వాటిలో పెద్ద పేరు. టేబుల్ ఖాళీ అయ్యేదాకా గోళ్లకి రంగు వేయడం, నూడుల్స్ పిండిని చేత్తో సాగదీస్తూ నాట్యం చేయడం లాంటివి చూడ్డానికే పిల్లలు వెళ్దామంటారు. మా డాలస్ వైపు ప్లేనో, కారల్టన్, రిచర్డ్‌సన్‌లలో తిన్నంత తినే పద్ధతివి ఎక్కువ. మనిషికి సుమారు 25 నుంచి 40 డాలర్లు, గంటన్నర నుంచి రెండు గంటలు టైము. పళ్లెంలో వదిలేస్తే అదనంగా వేస్తారు. పిల్లల రేటు కొన్ని చోట్ల వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. గోడ దగ్గర నిలబెట్టి కొలుస్తారు. మావాడు మోకాళ్లు వంచి నిలబడితే వాళ్ల నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఇక అసలు సంగతి, సూప్.

ఎర్ర సూప్‌తో మొదలుపెడతాను. కారం కదా, మిరపకాయలూ నూనే కదా అని మనవాళ్లు ధైర్యంగా చెప్పేస్తారు. చోంగ్‌చింగ్ పద్ధతిలో ఆ నూనె సంప్రదాయంగా గొడ్డు కొవ్వు. చైనీస్‌లో "న్యూ యౌ" అంటారు, ఇంగ్లీషు మెనూలో బీఫ్ టాలో అని ఉంటుంది. చాలా చోట్ల అదీ ఉండదు, "స్పైసీ" అని మాత్రమే రాస్తారు. చైనీస్ కొట్లో ఎర్రటి ఇటుకలాగా గట్టిగా ప్యాకెట్‌లో కట్టి అమ్మే హాట్ పాట్ మసాలా చూసే ఉంటారు. మామూలు నూనె అయితే గది వేడికి ముద్ద కట్టదు. కొవ్వు కాబట్టే గడ్డకట్టి ఉంటుంది. రుచి కోసమే ఆ కొవ్వు. మిరపలో మండించే క్యాప్సైసిన్, మసాలా దినుసుల్లో వాసననిచ్చే పదార్థాలు నీటిలో కంటే కొవ్వులో బాగా కరుగుతాయి. మనం తాలింపు నూనెలో పెట్టేదీ, నేతిలో పెట్టేదీ అందుకే. చికెన్, మటన్ తిన్నా బీఫ్ తినని ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. వాళ్లు చికెన్ పళ్లెమే తెప్పించుకుని, దాన్ని గొడ్డు కొవ్వులో ఉడికించుకుని వస్తున్నారు. నాకు తెలిసిన వాళ్లే నాలుగు కుటుంబాలు. నేను చెప్పాక ఒకావిడ నాతో వారం మాట్లాడలేదు.

మార్గం లేకపోలేదు. అదే కారం సూప్‌ని మొక్కల నూనెతో చేసే పద్ధతి చెంగ్డూ వైపు ఉంది. దాన్ని "చింగ్ యౌ" అంటారు. కొన్ని హోటళ్లు రెండూ పెడతాయి. అడిగితే గానీ చెప్పరు. చింగ్ యౌ అన్నంత మాత్రాన శాకాహారం అని కాదు, గొడ్డు కొవ్వు లేదని మాత్రమే. అడుగున పోసే నీళ్లు ఎముకల రసమే కావచ్చు.

టమాటా, పుట్టగొడుగుల సూప్‌ల దగ్గర మోసపోయేది శాకాహారులు. పేరులో కూరగాయ ఉంది, ముక్కలూ అవే కనబడతాయి. కానీ రుచి కోసం కింద పోసే రసం కోడి, పంది ఎముకలు గంటల తరబడి కాచింది కావచ్చు, లేదా నీళ్లలో చికెన్ పొడి కలిపింది కావచ్చు. వంటవాళ్ల లెక్కలో అది మాంసం కాదు, రుచి. మనం రసంలో ఇంగువ వేసి ఇంగువ కూర అనం కదా, అలాగే. అందుకే "మాంసం ఉందా" అంటే "లేదు" అనే జవాబు వస్తుంది. "వెజిటేరియనా" అన్నా "అవును, టమాటా" అంటారు. అడగాల్సింది వేరు: నీళ్లు దేనితో కాచారు? ఎముకలా, చికెన్ పొడా, ఉత్త నీళ్లా? పైన వేసిన నూనె ఏది? ఈ రెండు ప్రశ్నలు ఇంగ్లీషులో విడివిడిగా అడిగితే చాలామంది లోపలికి వెళ్లి ప్యాకెట్ మీద చూసి వచ్చి మరీ చెప్పారు. జపాన్ రకంలో మూడో ప్రశ్న కూడా కావాలి. కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన రసం శాకాహారమే. అయితే దాంట్లో ఎండబెట్టిన బొనీటో చేప తురుము కలిపే అలవాటూ ఉంది.

చైనీస్‌లో "సూ" అంటే శాకాహారం. "వో చర్ సూ" అంటే నేను శాకాహారిని అని. బౌద్ధులు పాటించే కట్టుదిట్టమైన శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మన కార్తీక మాసం వంటలా అన్నమాట. పెద్దవయసు వెయిటర్ల దగ్గర బౌద్ధుల శాకాహారం అని చెబితే వెంటనే అర్థమైపోయింది. అంతకుముందు పది నిమిషాలు ఇంగ్లీషులో నేను పడ్డ కష్టమంతా వృథా.

గిన్నె మధ్యలో అడ్డుగోడ పెట్టి రెండు సూప్‌లు పోసే గిన్నెలు ఉంటాయి. యువాన్‌యాంగ్ అంటారు, జంటగా తిరిగే బాతుల పేరు. ఒక పక్క కారం, ఒక పక్క చప్పిడి కావాలనే పిల్లలకి బాగుంటుంది. శాకాహారికి మాత్రం వద్దు. గట్టిగా మరిగేటప్పుడు తుంపర్లు గోడ దాటతాయి, ఒకరి గరిటె ఇంకొకరు తీసుకుంటారు, మాట్లాడుకుంటూ ఎవరో ఒకరు చాప్‌స్టిక్స్ అటు ఇటు పెడతారు. విడి గిన్నె ఉన్న చోటికే వెళ్లండి. లేకపోతే ఆవిడకి ఇంట్లో పప్పన్నం పెట్టి తీసుకెళ్లండి, అక్కడ ఐస్‌క్రీమ్ తింటారు.

పళ్లాల్లో కూడా ఒక మాయ ఉంది. ఫిష్ టోఫు అని తెల్లటి చతురస్రాలు వస్తాయి, చూడ్డానికి అచ్చం టోఫు. అది చేప ముద్ద. ఎగ్ టోఫులో గుడ్డు ఉంటుంది. మిగతా వాటిలో దిగులు లేదు. తామర దుంప, చేమదుంప, బూడిద గుమ్మడి, చైనా క్యాబేజీ, సోయా పాల మీగడ ఎండబెట్టి చేసే పొరలు, పెసల పిండితో చేసే అద్దంలాంటి సన్న నూడుల్స్, ఇవన్నీ మన నోటికి ఇట్టే పడతాయి. నూనెలో వేయించిన టోఫు సాంబారులో గారెలాగా సూప్‌ని పీల్చుకుంటుంది. పైన చల్లారినట్టుండి కొరికితే లోపల నుంచి మరిగే సూప్ వస్తుంది. పిల్లలకి చెంచాతో చీల్చి ఇవ్వాలి.

వేడి గురించి ఇంకో మాట. ఎర్ర సూప్ మీద నూనె పొర మందంగా తేలుతుంది కాబట్టి ఆవిరి పెద్దగా పైకి రాదు. ఆవిరి రూపంలో వేడి పోదు కాబట్టి సూప్ చల్లారదు కూడా. పొగలు కక్కే చప్పిడి సూప్ కంటే, పొగలు లేని ఎర్ర సూప్‌తోనే నాలుకలు కాలతాయి.

ఆ ఎర్ర సూప్‌లో తేలే చిన్న విచ్చుకున్న గింజ తొక్కలు సిచువాన్ మిరియాలు. పేరులోనే మిరియం, నిజానికి మిరియాల కుటుంబం కాదు. నిమ్మ, కరివేపాకు కుటుంబం. నోట్లో పడితే కారం కాదు, పెదాలు జివ్వుమని కొట్టుకుంటాయి. శాన్‌షూల్ అనే పదార్థం స్పర్శ నరాలని రేపడం వల్ల అలా ఉంటుంది. లండన్ శాస్త్రవేత్తలు 2013లో కొలిచి చూస్తే ఆ అదురు సుమారు 50 హెర్ట్జ్ కంపనంలా తోస్తుందని తేలింది. మన ఊళ్లో ఇళ్లకి వచ్చే కరెంటుదీ ఆ అంకే. మా వారు మొదటిసారి కొరికి "షాక్ కొట్టింది" అన్నది ఊరికే పోలేదు. నిమ్మజాతి చెట్లకి సోకే క్యాంకర్ తెగులు వస్తుందేమోనని అమెరికా వీటి దిగుమతిని 1968లో నిషేధించింది. వేడి చేసి పంపాలన్న షరతుతో 2005లో తలుపు తెరిచారు. పిల్లలకి తెలియకుండా నోట్లో పడితే అలర్జీ వచ్చిందని హడలిపోతాం, ముందే చెప్పి ఉంచండి. కానీ గొంతు బిగుసుకోవడం, దద్దుర్లు, వాపు ఉంటే అది మిరియం పని కాదు, ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యానికి ఫోన్ చేయాలి.

అలర్జీలున్న ఇంట్లో అసలు ప్రమాదం సాస్‌ల బల్ల దగ్గర ఉంది. నువ్వుల ముద్ద, వేరుశనగ పొడి, సోయా సాస్, ఆయిస్టర్ సాస్, అన్నీ పక్కపక్కనే. ఒకదాంట్లో పెట్టిన చెంచా ఇంకోదాంట్లోకి పోతుంది. షాచా అనే గోధుమరంగు ముద్ద చూడ్డానికి మన నల్లకారంలా ఉంటుంది. అందులో ఎండు రొయ్యలు, చేప ఉంటాయి. నువ్వులని అమెరికా 2023 జనవరి నుంచి తొమ్మిదో ముఖ్య అలర్జీ పదార్థంగా లెక్కిస్తోంది. ప్యాకెట్ మీద రాసి తీరాలి. సాస్‌ల బల్ల మీది గిన్నెకి లేబుల్ ఎక్కడుంటుంది? మేం చిన్నదానికి సాస్ ఇంటి నుంచి చిన్న డబ్బాలో తీసుకెళ్తాం. ఎవరూ కాదనలేదు.

మాంసం తినేవాళ్లు ఉడకడం దగ్గర జాగ్రత్తపడాలి. ఇక్కడ వంటవాడు మనమే, సరిగ్గా ఉడికిందో లేదో చూసే బాధ్యతా మనదే. సూప్ 100 డిగ్రీల దగ్గర మరుగుతున్నా, గడ్డకట్టిన చికెన్ ఒక పళ్లెం ఒక్కసారి గుమ్మరిస్తే ఉడుకు ఆగిపోతుంది. మళ్లీ మరగడం మొదలయ్యాక నిమిషాలు లెక్కపెట్టాలి, వేసినప్పటి నుంచి కాదు. కాగితంలాంటి మటన్ చుట్టలు అర నిమిషంలో రంగు మారతాయి. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్, అంటే ఇక్కడి లెక్కలో 165 ఫారన్‌హీట్ చేరాలి. పలచటి ముక్కలకి రెండు మూడు నిమిషాలైనా ఇవ్వండి, తుంచి చూస్తే ఎక్కడా గులాబీ రంగు కనబడకూడదు. పచ్చి చికెన్ తీసిన చాప్‌స్టిక్స్‌తోనే తినేయడం మనవాళ్లు అందరూ చేసే పని. పచ్చివాటికి పటకారు వేరే అడిగి పెట్టుకోండి. సాల్మొనెల్లా సూప్‌లో చచ్చిపోయినా చాప్‌స్టిక్ కొన మీద బతికే ఉంటుంది.

సన్నటి ఎనోకి పుట్టగొడుగులని సలాడ్‌లా పచ్చిగా తినేవాళ్లని చూశాను. దయచేసి వద్దు. 2016 నుంచి 2019 మధ్య కొరియా నుంచి వచ్చిన ఎనోకి వల్ల అమెరికాలో లిస్టీరియా సోకి 36 మంది జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. గర్భిణులకి, పెద్దవాళ్లకి ఇది మరీ ప్రమాదం. మరిగే సూప్‌లో బాగా ఉడికించి తింటే ఆ భయం లేదు.

బీపీ ఉన్న మామగార్లకి: సూప్ తాగాలనుకుంటే మొదట్లోనే ఒక చిన్న కప్పు తాగండి. గంటన్నర మరిగాక నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు అక్కడే ఉంటుంది. మాంసంలోంచి ప్యూరిన్లు దిగుతాయి కాబట్టి గౌట్ ఉన్నవాళ్లకీ చివరి సూప్ మంచిది కాదు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇండక్షన్ పొయ్యికి కనీసం 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల దూరంలో ఉండాలని బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ చెబుతుంది. పొయ్యి టేబుల్‌లోనే బిగించి ఉంటే ముందుకు వంగి తినేటప్పుడు ఆ దూరం మిగలదు. డాక్టర్‌ని అడిగాకే వెళ్లండి.

అత్తయ్య గారు తిరిగి ఇండియా వెళ్లే ముందు మళ్లీ తీసుకెళ్లాం, వేరే హోటల్‌కి. మనవడే అడిగాడు, "నానమ్మా, ఈసారి నేను కనుక్కున్నాను" అని. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనన్నారు. కొత్త గిన్నెలో ఉత్త వేడినీళ్లు పోయించాం. డబ్బేమీ తీసుకోలేదు. అందులో టమాటా ముక్కలు, అల్లం, ఎండు షిటాకే పుట్టగొడుగులు, కొత్తిమీర కాడలు వేసి పది నిమిషాలు మరగనిచ్చాం. ఎముకలు లేకుండా ఆ రుచి ఎలా వచ్చిందంటే, టమాటాలో గ్లుటమేట్ ఉంటుంది, ఎండు షిటాకేలో గ్వానిలేట్ ఉంటుంది, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పెంచుతాయి. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త కొంబు రసంలోంచి గ్లుటమేట్‌ని వేరుచేసి, ఉమామి అని పేరు పెట్టాడు. మా బీఎస్సీ కెమిస్ట్రీలో ఇలాంటివి చెప్పి ఉంటే నేను ఇంకాస్త శ్రద్ధగా వినేదాన్ని. అత్తయ్య గారు నల్ల వెనిగర్ నాలుగు చుక్కలు వేసుకుని, చింతపండు ఉంటే బాగుండేదన్నారు. తామర దుంప రెండు పళ్లాలు తిన్నారు. బిల్లు చూసి, "నీళ్లు పోసి, పొయ్యి వెలిగించి, మనచేతే వండించి ఇంత తీసుకుంటారా?" అని మాత్రం ఇంటికొచ్చేదాకా అంటూనే ఉన్నారు.

ఫోన్ చేసి అడిగేవాళ్లు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల మధ్య చేయండి. భోజనాల రద్దీ ఉండదు, లోపలికి వెళ్లి కనుక్కునే తీరిక ఉంటుంది. విడి గిన్నెలున్నాయా, ఉత్త నీళ్లు పోస్తారా, ఏ సూప్‌లో ఎముకలు గానీ చికెన్ పొడి గానీ ఉన్నాయి, కారం సూప్‌లో నూనె ఏది, అలర్జీల పట్టిక ఈమెయిల్‌లో పంపగలరా? నేను ఇవి ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను. చెప్పినవాళ్ల పేరు కూడా అడిగి రాసుకుంటాను, అక్కడికి వెళ్లాక మళ్లీ మొదటి నుంచి చెప్పే పని తప్పుతుంది.